రాసుకున్నావు కదమ్మా

కోడలు డ్యూటీ నుంచి వచ్చి సంచి గుమ్మం పక్కన పెట్టగానే అత్తగారు చేసే మొదటి పని అందులోంచి నీళ్ళ సీసా బయటికి తీయడం. పొద్దున్న ఎంత నింపి ఇచ్చిందో సాయంత్రానికి అంతే ఉంటుంది. కోడలు బస్సు కండక్టరు. బస్టాండులో ఆడవాళ్ళకి మరుగుదొడ్డి లేదు కాబట్టి డ్యూటీ ఉన్న రోజు ఆమె నీళ్ళు ముట్టదు. అత్తగారు ఆ నీళ్ళు కిటికీలో మొక్కకి పోసి, సీసా కడిగి బోర్లిస్తుంది. మొక్క మాత్రం ఏపుగా పెరిగింది.

అత్తగారు మునిసిపాలిటీలో టైపిస్టుగా చేసి ఎనిమిదేళ్ళ కిందట రిటైరైంది. సభలో ఎవరేం మాట్లాడారో రాసుకుని, తర్వాత మినిట్స్ టైపు చేయడం ఆమె ఉద్యోగం. వీధిలో ఇప్పటికీ ఆమె టైపిస్టమ్మే. పల్లెత్తు మాట అనని మంచి మనిషని పేరు. ఎవరైనా ఆ మంచితనం సంగతి ఎత్తితే తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా లోపలికి వెళ్ళిపోయేది.

ఆ సభ జరిగే హాలుకి ఒక పద్ధతుంది. అక్కడ అన్న మాట కాగితం మీదికి ఎక్కిందా, సరే. ఎక్కలేదా, అది హాలు విడిచి వెళ్ళదు. అన్నచోటే ఉండిపోయి, అప్పుడప్పుడూ అన్నవాళ్ళ గొంతుతోనే మళ్ళీ వినిపిస్తుంది, ఆ అన్నవాళ్ళకి తప్ప అందరికీ. అన్ని ఊళ్ళలో గోడలకి చెవులుంటే మన గోడలకి నోరుందని అటెండరు నవ్వేవాడు. ఎప్పుడో పోయిన ఒక అధ్యక్షుడు "నా కళ్ళజోడు ఎవరు తీశారయ్యా" అని ఇవాళ్టికీ వేదిక మీద అడుగుతూనే ఉంటాడు. తలుపు దగ్గర ఎవరిదో ఒక పాత బూతుమాట ఉంది. తుడిచే ఆవిడ అక్కడికి వచ్చేసరికి చీపురు కాస్త గట్టిగా ఆడిస్తుంది. సభ్యులకి ఇదంతా ఫ్యాను చప్పుడంత అలవాటు.

మూడో వరసలో కిటికీ పక్క కుర్చీ దగ్గర మాత్రం వినిపించేదంతా ఒకటే గొంతు. అది కళ్ళజోళ్ళావిడది.

ఆవిడకి బజారు వీధిలో చిన్న కళ్ళజోళ్ళ షాపు. పాతికేళ్ళ కిందట ఆ ఊరి సభలోకి గెలిచి వచ్చిన మొట్టమొదటి ఆడమనిషి. మొదటిరోజు హాల్లో అడుగుపెట్టి, అంతమంది మగవాళ్ళ మధ్య మూలన పెన్సిల్ చెక్కుకుంటున్న టైపిస్టమ్మని చూసి, "హమ్మయ్య, నువ్వున్నావా" అంది. టైపిస్టమ్మ కాగితాన్ని ముక్కుకి ఆనించుకుని రాస్తోందని కనిపెట్టి, షాపుకి పిలిచి కళ్ళు పరీక్ష చేసి, అద్దాలు చేసిచ్చింది. "ముందు నీకు అక్షరం కనబడాలి కదే, నా మాట రాయాలంటే" అని నవ్వింది.

తొలి సమావేశంలో ఆవిడ లేచి, బస్టాండులో ఆడవాళ్ళకి మరుగుదొడ్డి కావాలంది. ఎక్కడ కట్టాలో, తలుపుకి లోపలి నుంచి గడియ ఎందుకుండాలో, ఎవరు కడగాలో అన్నీ చెప్పింది. కూర్చుంటూ మూలకి తిరిగి అడిగింది.

"రాసుకున్నావు కదమ్మా?"

టైపిస్టమ్మ తలూపింది. నిజంగానే రాసుకుంది కూడా. సభ అయ్యాక అధ్యక్షుడు గదిలోకి పిలిచాడు. "ఆవిడ మాటలన్నీ ఎందుకమ్మా, కాగితం దండగ. సభ్యురాలు హాజరయ్యారు అని కొట్టు, చాలు" అన్నాడు. అప్పటికి టైపిస్టమ్మది టెంపరరీ ఉద్యోగం. పర్మనెంటు చేసే కాగితం ఆయన సొరుగులో ఉంది. ఆమె 'సభ్యురాలు హాజరయ్యారు' అని కొట్టింది.

అధ్యక్షుడు చెప్పింది ఆ ఒక్కసారే. రెండో సమావేశానికి ఏమీ అనలేదు. మూడోదానికీ అనలేదు. మిగిలిన ముప్ఫై అయిదు సమావేశాల్లోనూ టైపిస్టమ్మ తనంతట తనే వదిలేసింది. కళ్ళజోళ్ళావిడ ప్రతిసారీ మాట్లాడి కూర్చుని, వెనక్కి తిరిగి అదే మాట అడిగేది. ఈమె ఆవిడిచ్చిన అద్దాల్లోంచి ఆవిడనే చూస్తూ తలూపేది. మినిట్స్ పైకి చదవడం ఆ రోజుల్లో లేదు. "చదివినట్టే" అనుకుని అందరూ సంతకాలు పెట్టేవాళ్ళు. కళ్ళజోళ్ళావిడ కూడా పెట్టింది. సాటి ఆడది రాసింది, ఇంక చూసుకునేదేముందనుకుంది.

మూడేళ్ళ తర్వాత ఎన్నికల్లో ఊరంతా ఒక కరపత్రం పంచారు. 'ముప్ఫై ఆరు సమావేశాలు. ఒక్క మాట లేదు. కావాలంటే మినిట్స్ చూసుకోండి.' జనం చూసుకున్నారు. మూడో వరసలో గొంతు వినబడుతూనే ఉందని సభ్యులందరికీ తెలుసు. కానీ కాగితంలో లేనిది సభలో లేనట్టే అన్నారు. ఆవిడ ఓడిపోయింది. నోట్లో నాలుక లేని ఆడవాళ్ళకి ఓటేయడం దండగని ఒక మాట ఊళ్ళో పడిపోయింది. ఆ తర్వాత ఏ ఆడమనిషీ నామినేషను వేయలేదు.

ఆ తొలి సమావేశం నుంచి రిటైరయ్యేదాకా టైపిస్టమ్మ పదిహేడేళ్ళు అదే హాల్లో, అదే మూలన కూర్చుంది. ఆ గొంతు వింటూనే కూర్చుంది. ఆ మాటలు ఎప్పుడైనా టైపు కొట్టొచ్చు, కొట్టలేదు. మొదట్లో భయం, తర్వాత సిగ్గు, ఆ పైన అలవాటు.

పాతికేళ్ళ తర్వాత మళ్ళీ నామినేషను వేసిన ఆడమనిషి ఆమె కోడలే.

శుక్రవారం సాయంత్రం కోడలు సంచి గుమ్మం పక్కన పెట్టకుండా, దాంతోనే మంచం మీద కూలబడింది. చేతిలో నలిగిన కాగితం ఉంది. పాత కరపత్రాన్నే అవతలివాళ్ళు మళ్ళీ అచ్చు వేయించారు. కింద ఒక వాక్యం చేర్చారు. 'ఒకసారి మోసపోయాం, చాలదా?'

"మా డిపోలో వాళ్ళే అంటున్నారు అత్తయ్యా, ఓటు దండగ చేసుకోం అని. సోమవారం దాకా గడువుంది. వెనక్కి తీసేసుకుంటాను."

టైపిస్టమ్మ సంచిలోంచి సీసా తీసింది. నిండుగా ఉంది.

"అప్పుడు రాసింది మీరే కదా" అంది కోడలు. "నిజం చెప్పండి. ఆవిడ ఒక్కసారి కూడా నోరు తెరవలేదా?"

"పాతికేళ్ళ మాటమ్మా… నాకంత గుర్తులేదు."

కోడలు ఆమె వంక ఒక్క క్షణం చూసి, మొహం కడుక్కోవడానికి లేచింది. టైపిస్టమ్మ సీసా పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మొక్కకి పోయడానికి చెయ్యి రాలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది. ఉద్యోగం కోసం ఒకసారి చేసిన పనిని, ఇప్పుడు ఏ ఉద్యోగమూ లేకుండా మళ్ళీ చేసింది.

ఆదివారం పొద్దున్నే ఇంట్లో ఉన్న చిన్న టైపు మెషీన్ని దుప్పటిలో చుట్టి, చంకలో పెట్టుకుని మునిసిపాలిటీకి వెళ్ళింది. తాళాలు అటెండరు దగ్గరే ఉన్నాయి.

"సెలవురోజున ఏం పనమ్మా?"

"పాత పని. మిగిలిపోయింది."

అతను కిటికీ పక్క కుర్చీ వైపు చూశాడు. ఫ్యాను వేసి, ఒక చెంబుతో నీళ్ళు తెచ్చి పెట్టాడు.

ఆమె మూడో వరసలో కూర్చుని కొట్టడం మొదలుపెట్టింది. గొంతు చెబుతూ పోయింది. బస్టాండు మరుగుదొడ్డి. మిల్లు గేటు దగ్గర దీపం. కాలవ వంతెనకి చేతికమ్మీ. ఒక్కో మాటా కాగితం మీదికి రాగానే హాల్లో ఆగిపోతోంది. మధ్యాహ్నానికి ముప్ఫై ఆరు సమావేశాలూ అయ్యాయి. ఒకే ఒక్కటి మిగిలింది.

"రాసుకున్నావు కదమ్మా?"

అదీ కొట్టింది. దాని కింద 'లేదండీ' అని కొట్టి, తన పేరు కొట్టి, సంతకం పెట్టింది. మెషీను మూస్తుంటే మళ్ళీ వినిపించింది. "రాసుకున్నావు కదమ్మా?" రెండోసారి కొట్టింది. అయినా ఆగలేదు.

కాగితాలు పట్టుకుని బజారు వీధికి వెళ్ళింది. కళ్ళజోళ్ళావిడ బాగా ముసలిదైపోయింది. షాపులో బల్ల ముందు కూర్చుని ఎవరిదో కళ్ళజోడు కమ్మీ బిగిస్తోంది. టైపిస్టమ్మ చెప్పాల్సింది నిలబడే చెప్పింది, ఎక్కడా తడుముకోలేదు. ఆవిడ అద్దాలు తుడుచుకుని మొదటి కాగితం నుంచి చదివింది. చాలాసేపు చదివింది.

"నేను మాట్లాడానన్నమాట" అంది చివరికి.

టైపిస్టమ్మకి అర్థం కాలేదు.

"ఊరంతా అంటుంటే, కాగితాల్లోనూ లేకపోతే, కొన్నాళ్ళకి నాకే అనుమానం వచ్చిందే. నిజంగా లేచి అన్నానా, మనసులో అనుకుని కూర్చున్నానా అని. ఇంట్లోవాళ్ళకి చెప్పడం కూడా మానేశాను."

టైపిస్టమ్మ ఏడ్చింది. ఆవిడ ఓదార్చలేదు. పెన్సిల్ తీసి మొదటి కాగితంలో ఒక మాట కొట్టేసింది.

"ఇక్కడ దయచేసి అని ఉంది. నేను దయచేసి అనలేదు."

టైపిస్టమ్మ వంగి చూసింది. అవును, గొంతు ఆ మాట అనలేదు. అది తన వేళ్ళే కొట్టాయి. ఆవిడ కాగితాలన్నీ మళ్ళీ మొదటి నుంచి వెతికి, ఇంకో పదకొండు చోట్ల కొట్టేసి ఇచ్చింది.

"ఆ చివరి మాట హాల్లోంచి పోవడం లేదండీ" అంది టైపిస్టమ్మ.

"ఉండనీ. అది నిన్నడిగింది."

ఇంటికొచ్చి కాగితాలు కోడలి ఒళ్ళో పెట్టింది. "ఆవిడ మాట్లాడింది. నేనే రాయలేదు. మొన్న నీకూ అబద్ధం చెప్పాను."

కోడలు మొదటి కాగితం చదివింది. బస్టాండు, తలుపు, లోపలి గడియ. మళ్ళీ పైకి వెళ్ళి తేదీ చూసింది.

"అప్పటికి నేనింకా పలక పట్టుకుని బడికెళ్తున్నాను" అంది. అంతే. ఆ రాత్రి కంచం తనే పెట్టుకుని తను తిన్నది. నెలల పాటు అవసరమైనంతే మాట్లాడింది.

సోమవారం నామినేషను వెనక్కి తీసుకోలేదు. మొదటి కాగితాన్నీ, 'లేదండీ' అన్న సంతకం ఉన్న చివరి కాగితాన్నీ పక్కపక్కన అచ్చు వేయించి బస్సు బస్సుకీ పంచింది. వీధిలో టైపిస్టమ్మని మంచి మనిషనడం ఆ రోజుతో ఆగిపోయింది. పాలు తెచ్చుకోవడానికి వెళ్తే ఆడవాళ్ళు మాటలు ఆపేసేవాళ్ళు. ఆమె తల దించుకుని వెళ్ళేది, కానీ వెళ్ళడం మానలేదు.

కోడలు నూట పన్నెండు ఓట్ల తేడాతో గెలిచింది. మూడో వరసలో కిటికీ పక్క కుర్చీ ఎలాగూ ఖాళీయే కాబట్టి ఆమెకి అదే ఇచ్చారు.

తొలి సమావేశానికి టైపిస్టమ్మ వెళ్ళి, చూడవచ్చినవాళ్ళ బల్ల మీద అందరికన్నా వెనక కూర్చుంది. కోడలు లేచి, పాతికేళ్ళ కిందటి ఆ మొదటి కాగితాన్నే చదివింది. కొత్త అధ్యక్షుడు మినిట్స్ రాసే గుమాస్తా వైపు చూసి చేత్తో సైగ చేశాడు, పొట్టిగా కానిమ్మన్నట్టు. గుమాస్తా కలం కింద పెట్టాడు. కోడలు కూర్చుంది.

అప్పుడు ఆ కుర్చీ దగ్గర, మిగతా మాటలన్నీ ఆగిపోయాక మిగిలిన ఆ ఒక్క మాటా కళ్ళజోళ్ళావిడ గొంతుతో స్పష్టంగా వినిపించింది.

"రాసుకున్నావు కదమ్మా?"

గుమాస్తా ఉలిక్కిపడి కలం అందుకున్నాడు. మళ్ళీ అడిగింది. అతను గబగబా రాసి, లేచి నిలబడి, మొదటి నుంచి చివరి దాకా పైకి చదివి వినిపించాడు. అధ్యక్షుడు సంతకం పెట్టాడు. ఇక ఆ హాల్లో ఎవరు మాట్లాడినా గుమాస్తాలు అలా చదివి వినిపించాకే కూర్చోవడం అలవాటైంది. ఏడాది తిరిగేసరికి బస్టాండులో, లోపలి నుంచి గడియ పడే తలుపులతో, మరుగుదొడ్డి లేచింది.

ఇప్పుడు సీసా ఖాళీగా వస్తోంది. కిటికీలో మొక్కకి టైపిస్టమ్మ కుళాయి నుంచి వేరే నీళ్ళు పట్టి పోస్తుంది.

సమావేశం ఉన్న రోజు ఆమె తప్పకుండా వెళ్ళి వెనక బల్ల మీద కూర్చుంటుంది. కోడలు మాట్లాడి కూర్చోగానే ఆ గొంతు అడుగుతుంది. గుమాస్తా "రాశానండీ" అంటాడు. వెనక బల్ల మీద ఆమె పెదాలు కూడా కదులుతాయి.

"లేదండీ" అంటుంది, ప్రతిసారీ.