క్లీన్‌రూమ్ గుమ్మంలో అక్షింతలు

చాండ్లర్‌లో దిగి వారం తిరగకముందే రఘువీర్ అద్దె కారు వైపర్లను అరగదీసేశాడు. ఇండికేటర్ వెయ్యబోయి ప్రతి మలుపులోనూ వైపర్ వేసేవాడు. మచ్చుకైనా మబ్బు లేని అరిజోనా ఎండలో అవి పొడి అద్దం మీద కిర్రుకిర్రుమంటుంటే రేణు పొట్ట పట్టుకుని నవ్వేది.

"నవ్వు, నవ్వు. మన కార్లలో అది కుడి చేతి వైపు ఉంటుంది. ఈ అలవాటు పోవద్దూ?"

"పోయేలోపు మనం తిరిగి వెళ్ళిపోతాంలే."

ఉండేది ఏడాదే. రేణు కంపెనీ పంపింది. చిప్పుల మీద సన్నటి గీతలు అచ్చువేసే యంత్రాలను తయారుచేసే కంపెనీ అది. పుట్టింట్లో డిగ్రీ మొహం చూసిన మొదటి మనిషి రేణు. హైదరాబాద్ ఆఫీసులో కూర్చుని ఆ యంత్రాలు పంపే అంకెలను ఏళ్ళ తరబడి చూసింది కానీ, యంత్రాన్ని మాత్రం కళ్ళారా చూడలేదు. ఇప్పుడు ఇక్కడి ఫ్యాక్టరీలో కొత్త యంత్రం నిలబెడుతున్నారు. అది ఉండేది దుమ్ము చొరబడని క్లీన్‌రూమ్‌లో; దానికి శిక్షణ పూర్తిచేసిన వాళ్ళకే లోపలికి ప్రవేశం. ఆ శిక్షణ ఈరోజే. ఇది తప్పితే మళ్ళీ బయట కూర్చుని అంకెలు చూసుకోవాల్సిందే.

రఘువీర్ నిడదవోలు కాలేజీలో లెక్కల లెక్చరర్; సెలవులకు హైదరాబాద్ వచ్చిపోయేవాడు. ఏడాది సెలవు పెట్టి వచ్చాడు. "పెళ్ళాం వెనకాల పోతున్నావురా" అని తోటివాళ్ళు ఏడిపిస్తే, "వెనకాల కాదు, డ్రైవింగ్ సీట్లో" అని జవాబిచ్చి మరీ విమానం ఎక్కాడు.

ఆ రోజు తెల్లవారుజామున రేణు అలారం కంటే ముందే లేచింది. తలకు నూనె లేదు, మొహానికి పౌడరు లేదు, కళ్ళకు కాటుక లేదు. కంపెనీ వాళ్ళు పంపిన సూచనలు ఆమెకు కంఠతా వచ్చు. ఇంతలో ఫోన్‌లో అత్తగారు దమయంతి ప్రత్యక్షమైంది. నిడదవోలులో అప్పుడు దీపాలు పెట్టే వేళ.

"అదేంటే అమ్మాయ్, ఆ బోసి నుదురు? మొదటిరోజు పనికి వెళ్తూ?"

"లోపల దుమ్ము రేణువు కూడా పడకూడదు అత్తయ్యా. పౌడరు, కాటుక, బొట్టు ఏవీ వద్దన్నారు."

"అక్షింతలు వద్దన్నారా?"

రేణు ఆలోచించింది. "వాటి ఊసేమీ ఎత్తలేదు."

"మరింకేం! ఒరేయ్ రఘూ, నా బదులు నువ్వు వెయ్యరా. పసుపు కాస్త దండిగా కలుపు."

రఘువీర్ ఉత్సాహం ఇంతా అంతా కాదు. కాగితం ప్లేటులో గుప్పెడు బియ్యం పోసి, పసుపూ నేతి చుక్కా కలిపాడు. రేణు ఫోన్‌కు దణ్ణం పెట్టి వంగింది. అత్తగారు అక్కడ చెయ్యెత్తి దీవిస్తుంటే ఇక్కడ కొడుకు గుప్పెడూ కుమ్మరించాడు. రేణు తల దులుపుకుని, దువ్వుకుని, బిగించి జడ వేసుకుంది. అంతా సవ్యంగా ఉందనే అనుకుంది.

ఫ్యాక్టరీలో శిక్షణ ఇచ్చేది మార్షా అనే పొడుగాటి మనిషి. తెల్ల సూటు తొడుక్కునే ముందు తలకు వల కట్టుకోమంది. రేణు వంగి జుట్టు సర్దుకుంటుండగా స్టీలు బల్ల మీద టప్‌మని ఏదో రాలింది. ఆ వెనకే ఇంకోటి. పచ్చటి బియ్యపు గింజలు!

మార్షా ఒక గింజను వేలితో అద్ది చూసింది. వేలికి పసుపు అంటింది.

"ఏమిటిది?"

"పెద్దవాళ్ళ దీవెన" అంది రేణు నెమ్మదిగా.

మార్షా నవ్వలేదు, కసురుకోనూ లేదు. "ఈ పొడి ఒక్క రవ్వ లోపల పడినా మా పని పాడవుతుంది. ఇంటికెళ్ళి తల కడుక్కుని రా. మధ్యాహ్నం బ్యాచ్‌లో కలుపుకుంటాను. వాళ్ళు లోపలికి వెళ్ళాక తలుపు తియ్యను" అంది.

రేణు పరుగున బయటికి వచ్చేసరికి, కారు పార్కింగ్‌లోనే ఉంది. రఘువీర్ స్టీరింగ్ ముందు కూర్చుని ఇండికేటర్ సాధన చేస్తున్నాడు.

"ఇంటికి పోనీ రఘూ! నీ అక్షింతలు నా కొంప ముంచాయి!"

"నావా? మా అమ్మవి!"

"వేసింది నువ్వేగా, గుప్పెడంతా!"

ఇంట్లో బకెట్టూ లేదు, చెంబూ లేదు. గోడకు బిగించిన షవర్ కింద నిలబడితే ఏ గింజ పోయిందో ఏది ఉందో తెలియదు. రఘువీర్ వంటింట్లోకి ఉరికి రైస్ కుక్కర్ గిన్నె తెచ్చాడు. రేణు టబ్బు అంచు మీద తల వంచింది. అతను షాంపూ రుద్ది, గిన్నెతో నీళ్ళు దిమ్మరిస్తూ, పాయ పాయనా విడదీసి వెతికాడు.

"ఇదిగో ఒకటి. ఇదిగో ఇంకోటి. అబ్బో, చెవి వెనకాల కూడా!"

"అన్నం వండుకోవచ్చేమో చూడు" అంది రేణు. కోపంగా అందామనుకుంది కానీ, మధ్యలోనే నవ్వొచ్చేసింది. ఆ నవ్వుకు గిన్నెలో నీళ్ళు ఇద్దరి మీదా పడ్డాయి.

నీళ్ళు పచ్చదనం పోయి తేటగా వచ్చేదాకా అతను గిన్నె వదల్లేదు.

హెయిర్ డ్రయ్యర్ ఇంకా కొనలేదు. "అద్దాలు దించు" అన్నాడు రఘువీర్. జూన్ నెల అరిజోనా గాలి పొయ్యి మూత తీసినట్టు కొట్టింది. రేణు కిటికీలోంచి తల బయటపెట్టి జుట్టు విరబోసుకుంది. పక్క కారులోని ముసలాయన నోరు తెరిచి చూశాడు. ఫ్యాక్టరీ మలుపు వచ్చింది. రఘువీర్ ఊపిరి బిగబట్టి మీట నొక్కాడు. వైపర్ కదల్లేదు. ఇండికేటర్ టిక్కుటిక్కుమంది.

"వేశావు!" రేణు చప్పట్లు కొట్టింది. అప్పటికి జుట్టు పొడిపొడిగా ఆరిపోయింది.

మధ్యాహ్నం బ్యాచ్ వాళ్ళు అప్పుడే వరుస కడుతున్నారు. మార్షా ఆమెను దీపం కిందకు పిలిచి, జుట్టు పాయలు విడదీసి, మెడ వెనకాల కూడా చూసింది.

"శుభ్రం. సూటు తొడుక్కో."

తల నుంచి పాదాల దాకా తెల్లగా, కళ్ళు మాత్రం కనిపించేలా తయారై, గాలి చిమ్మే గదిలో ఒక చుట్టు తిరిగి, రేణు చివరి తలుపు దాటింది. గీతలు అచ్చువేసే చోట మామూలు తెల్ల దీపం వాడరనీ, ఆ వెలుగు పడితే చిప్పుల మీది పూత పాడవుతుందనీ ఆమెకు తెలుసు. తెలియడం వేరు, చూడడం వేరు.

గది నిండా పసుపు వెలుగు. గోడలు, నేల, ఎదురుగా ఇల్లంత యంత్రం, తన తెల్ల చేతి తొడుగులు, అన్నీ పచ్చగా మెరుస్తున్నాయి. అత్తగారు చూస్తే ఏమంటుందో తలుచుకుని రేణు ముసుగులోనే నవ్వుకుంది. ఆ తర్వాత, ఇన్నేళ్ళూ అంకెలు మాత్రమే పంపిన యంత్రం వైపు నడిచింది.