ఖోలోస్ దగ్గర తల ఎత్తకూడదు

సువార్త గ్రీకు మూలంలో ఉన్నది చిన్న మాటే, ఖోలోస్. కాలు సరిగా లేనివాడని అర్థం. ఆఫీసులో అందరూ చెల్లెమ్మ అని పిలిచే అనువాదకురాలి ప్రాణం తోడేస్తున్నది అదే. పాత అనువాదంలో ‘కుంటివాళ్ళు’ అని ఉంది. చర్చిలో ఆ మాట వినబడ్డ ప్రతిసారీ ప్రార్థనకు వచ్చిన జనమంతా తలలు తిప్పి ఆమె అన్నయ్య వంక, ఆయన చంకలోని కర్ర వంక చూసేవారు. విసుగెత్తి, గడియారాలు బాగుచేసుకునే ఆ మనిషి అటు రావడమే మానేశాడు. కొత్త అనువాదం తన చేతికొచ్చింది కదా, మాట మార్చేసి అన్నయ్యను మళ్ళీ రప్పించాలని ఆమె పంతం.

మార్చడమంటే మాటలా! ‘వికలాంగులు’ అంటే దరఖాస్తు చదివినట్టుందని అనువాదం సరిచూసే గ్రీకు మాస్టారు పెదవి విరిచారు. చివరికి ‘నడకలో ఇబ్బంది గల సోదరులు’ అని రాసి, తెగ మురిసిపోయి, అచ్చుకు ముందు పరీక్షకు అన్నయ్యనే పట్టుకొచ్చింది.

వాళ్ళ పద్ధతి ఇది: రాసినవాళ్ళు పైకి చదవాలి, కొత్తగా విన్నవాళ్ళు కథను సొంత మాటల్లో తిరిగి చెప్పాలి. చదివేటప్పుడు మాత్రం తల ఎత్తకూడదు. మొహం చూసి అర్థం పట్టేస్తారని మాస్టారి భయం.

కథేమో విందు కథ. పిలిచిన పెద్దలు రామన్నారు, ఇంటాయనకు ఒళ్ళు మండి వీధుల్లో ఉన్నవాళ్ళందరినీ పిలిపించాడు. చెల్లెమ్మ చదివి ముగించింది.

“ఊఁ, చెప్పు అన్నయ్యా.”

“ఏముంది? పెద్దవాళ్ళు డుమ్మా కొట్టారు. బీదవాళ్ళొచ్చారు, గుడ్డివాళ్ళొచ్చారు. తర్వాత మోకాళ్ళ నొప్పులతో పెద్దమనుషులెవరో ఆయాసపడుతూ వచ్చారు.”

మాస్టారు కిసుక్కున నవ్వారు.

“నీ కోసమే కదా మార్చాను! నీకు వెటకారంగా ఉందా?” అని చెల్లెమ్మ గయ్యిమంది.

“మార్చావు సరే. ఆ మాట రాగానే తలెత్తి నా వంకెందుకు చూశావే?”

నిజమే. చూసింది మరి.

“అక్కడా అంతే. మాట చెవిన పడగానే అందరికంటే ముందు నువ్వే తిరిగేదానివి. నీ వెనకే జనమంతా. ఏ మాటైనా పెట్టుకో తల్లీ, నాకేం పట్టింపు లేదు. ఆ కథలో ఎవరైనా వాడి కాలు వంక చూశారా? లోపలికి పిలిచి కూర్చోబెట్టారు, అంతే.”

చెల్లెమ్మ సిగ్గుతో చితికిపోయింది. ఇన్నేళ్ళూ ఆ చూపునే ప్రేమనుకుంది, పిచ్చిది. కళ్ళు తుడుచుకుని, సోదరులను కొట్టేసి, ‘కాలు సరిగా లేనివాళ్ళు’ అని రాసింది. మాస్టారు సరేనన్నారు. అన్నయ్య మాత్రం వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు.

కొత్త పుస్తకం మొదటిసారి చదివే ఆదివారం రానే వచ్చింది. చదవాల్సింది చెల్లెమ్మే. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి గుమ్మంలో కర్ర టకటకమంది. మెడ దానంతటదే లేవబోయింది. ఆమె ఆ పంక్తి మీద వేలు గట్టిగా నొక్కిపట్టి, మాట చదివి, ముందుకు సాగింది. చప్పుడు మధ్యదారి వెంట వచ్చి మొదటి బల్ల దగ్గర ఆగింది. బల్ల కిర్రుమంది.

కథలో విందు ఇల్లు నిండేదాకా చదివి, అప్పుడు తల ఎత్తింది.