పెద్దమ్మి లద్దె చెప్పిన మాట

చూలుతో ఉన్న ఆడ ఏనుగు పెద్దమ్మి తనను చూస్తే మురిసిపోతుందని అడవి గార్డు నమ్మకం. రోజూ దగ్గరికెళ్లి పలకరించి, అది కదిలాక లద్దె డబ్బాలోకి ఏరి, ల్యాబులో పనిచేసే చెల్లెలికి ఇచ్చేవాడు. ఏనుగు పడ్డ బెదురంతా లద్దెని పరీక్షిస్తే తెలిసిపోతుంది.

"అన్నయ్యా, నువ్వు సెలవులో ఉన్నన్నాళ్లూ వేరే గార్డు తెచ్చిన లద్దె చూశాను, అది హాయిగా ఉంది. నువ్వొచ్చాక మళ్లీ హడలిపోతోంది. కడుపులో బిడ్డకి మంచిది కాదు."

"నన్ను చూసా? చెవులూపుతుందే!"

"పొమ్మని ఊపుతోంది, మహానుభావా!"

గార్డు ముఖం మాడ్చుకున్నాడు. అయినా మర్నాటి నుంచి పెద్దమ్మి గుట్ట దాటేదాకా వాగుకి ఇవతలే కూర్చున్నాడు. నెల తిరిగాక చెల్లెలు, "ఇప్పుడు బెదురు లేదు," అంది.

"అంటే నన్ను బెంగగా తలుచుకోవట్లేదా?" అని మూతి ముడిచాడు. అంతలోనే, "పోనీలే, పిచ్చితల్లి సుఖంగా ఉందిగా," అంటూ ఖాళీ డబ్బా అందుకున్నాడు.