ముందుగదిలో సముద్రము

వైశాఖమాసపు చండభానుఁడు పగలెల్ల అనంతపుర సీమలోని యెఱ్ఱనేలలను మాడ్చి పశ్చిమగిరుల చాటునకుఁ జేరుచుండ బీడువాఱిన వేరుసెనగచేలమీఁదుగా వచ్చు వేఁడిగాలి వీథివీథిని ధూళి చల్లుచుండెను. త్రాగునీటికై బిందెలు బారులుతీరిన యట్టి యూర నొక యింటి ముందుగదిలో మాత్రము సముద్రము పుట్టుచుండెను. పుట్టుచుండెననుటయే గాని దానికిఁ దొందర యేమాత్రమును లేదు.

ఆ సముద్రమునకు యజమానుఁడు హంపయ్య. అండమాను దీవులలో దీపస్తంభమునకుఁ గావలిగాఁ జిరకాలము కొలువు చేసి విశ్రాంతి గొని స్వస్థలమునకు వచ్చినవాఁడు. నవోఢయై యా దీవికి వచ్చిన ఆయన భార్య సువర్ణమ్మ సాయంకాలములందుఁ బడవరేవు చెక్కలపై బోరగిలఁ బరుండి స్ఫటికనిర్మలమైన జలమున నానావర్ణవిరాజితములైన పవడపుతోఁటలను వాని నడుమఁ బూవువంటి జీవియొడిలో దాఁగుడుమూఁత లాడు నారింజవన్నె చేపలను జూచుచుఁ బొయ్యిమీఁది యెసరు మఱచిపోయెడిది. అన్నము మాడిన రాత్రులకు లెక్కలేదు. ఆ మాడువాసన నిప్పుడు తలఁచుకొన్నను హంపయ్యకు నోరూరును.

ఇప్పుడు సువర్ణమ్మ గుండె బలహీనమయ్యెను. ఓడ ప్రయాణమును విమాన ప్రయాణమును వైద్యులు కూడదనిరి. “ఇంగ ఆ చేపల్ని చూడకుండానే పోతానేమో” అని యామె యొకనాఁడు నవ్వుచునే యనినది మొదలు హంపయ్యకుఁ గంటిమీఁదఁ గునుకు లేదు. ఆమె సముద్రముకడకుఁ బోఁజాలదు గావున సముద్రమునే యామెకడకుఁ దేవలెనని నిశ్చయించెను.

స్వభావముచేత నాయన వట్టి తొందరపాటు మనిషి. అయినను గాజుతొట్టి నమర్చి వడగట్టిన నీటఁ గొలత తప్పక సముద్రపుటుప్పు గలిపి నాఁటి రేవుక్రింది గుహలవలె రాళ్లు పేర్చి చేపను మాత్రము తేక చేతులు గట్టుకొని కూర్చుండెను. బెంగుళూరి మిత్రుఁ డొకఁడు తన పాత తొట్టినుండి సూక్ష్మజీవులతోఁ గూడిన రాయి నొకదానిని విత్తనముగా నొసంగెను. ఆ జీవులు వర్ధిల్లి చేపల మలమువలన నీటఁ బుట్టు విషమును హరింపఁగలుగుదాఁక వేచియుండుటయే పని. కొన్ని వారములకు రాళ్లపై గోధుమరంగు పాచి యేర్పడెను. తొట్టి కుదుటఁబడుచున్నదనుటకు నది తొలిగుర్తని యెఱిఁగి హంపయ్య మురిసిపోయెను గాని యా సంగతి భార్యకుఁ జెప్పుట మఱచెను.

ఒక శుక్రవార మాయన బజారునకుఁ బోయి వచ్చునప్పటికి సువర్ణమ్మ తడిచేతులతో గుమ్మమున నెదురుచూచుచుండెను.

“ఏమండీ, రాళ్లు ఎట్ల మెరుస్తాండాయో చూడండి! దీపపు కుందులు తోముతా వీటినీ చింతపండేసి తోమి కొళాయి కింద కడిగినా. ఆ పాచిలో చేపలు ఎట్ల బతుకుతాయి?”

హంపయ్యకు నరికాలిమంట నెత్తికెక్కెను. మాట నాలుక చివఱకు వచ్చెను. అంతలోఁ జింతపులుసునకు ముడుతలువడిన యామె వ్రేళ్లను జూచి యా మాటను మ్రింగి పీఁటమీఁదఁ జతికిలఁబడెను.

“ఆ పాచే దానికి ప్రాణం సువర్ణా. నీకు చెప్పకుండా పోతి, తప్పు నాదే. మళ్లీ మొదటినుంచి మొదలుపెడదాం.”

ఆమె ముఖము వెలవెలఁబాఱెను. “నా చేతులారా చంపుకొంటినే! మళ్లీ అన్ని దినాలు నాకుండాయో లేవో. ఎవరికన్నా ఇచ్చేయండి ఆ తొట్టిని.”

ఆయన యియ్యలేదు. మఱల నుప్పు గలిపెను, మఱల వేచెను. సువర్ణమ్మ మాత్ర మా గదివైపు తలయైనను ద్రిప్పక మసలుచుండెను.

కొంతకాలమునకు నొక సాయంసమయమున నాయన యామెను జేయిపట్టి తెచ్చి తొట్టియెదుటఁ గూర్చుండఁబెట్టెను. బెంగుళూరి రాతిలో నామె వ్రేళ్లును జింతపులుసును జొరలేని లోతైన రంధ్రమునుండి సన్నని గొట్ట మొకటి పొడచూపి దాని కొనను గోరంత యీఁకలకుచ్చు మెల్లమెల్లగా విచ్చుకొనుచుండెను. సువర్ణమ్మ ముందునకు వంగఁగానే యది చటుక్కున ముడుచుకొనెను.

“రేవు కాడ కొయ్యలకు అంటుకొనుండే పురుగు ఇదే కదా! మన నీడ పడితే లోపలికి పోయేది. మీరు కదలొద్దండి, మళ్లీ వస్తాది.”

ఆమె తన నీడ తొట్టిపైఁ బడకుండ ప్రక్కకు జరిగి యూపిరి బిగఁబట్టెను. నారింజవన్నె చేపలు వచ్చుట కింకను జాలకాల మున్నది. ఆ సంగతి నిద్దఱు నెఱుఁగుదురు. వంటయింటినుండి యన్నము మాడిన వాసన వచ్చెను. ఇద్దఱిలో నొక్కరును లేవలేదు.