జవాబులు అడిగినవారికే

పురుగుల మీద పరిశోధన చేసే పంతుళ్ల కోసం నేనొక ఈమెయిల్ చర్చాబృందం నడుపుతున్నాను. ఎవరేం రాసినా ముందు నా దగ్గరికొచ్చి ఆగుతుంది. నేను సరేనంటేనే అందరికీ వెళ్తుంది. మా ఆయన దీన్ని జీతం లేని కాపలా అంటారు. ఆయన్నని ఏం లాభం, నిజమే కదా!

సోమవారం ఒక కొత్త లెక్చరరమ్మ రాసింది. తన థీసిస్‌లో గింజలు తొలిచే పురుగు పేరు తప్పని పరీక్షకుడు వెనక్కి కొట్టాడట. శుక్రవారంలోగా రుజువు చూపకపోతే డాక్టరేటూ లేదు, ఉద్యోగమూ ఉండదు. ఫొటోలు జతచేసి, "ఎవరైనా చూసి చెప్పండి, మీకు దణ్ణం పెడతా" అంది. వెంటనే అందరికీ వదిలాను.

ఒక్కరంటే ఒక్కరు పలకలేదు. సదస్సు ఎక్కడ పెట్టాలన్న తగువు మాత్రం రోజూ నడిచింది. అందులో ముందుండేది మిరపకాయ మాస్టారు. ఆ పేరు నేను పెట్టుకున్నదే. ఉద్యోగం నుంచి రిటైరయ్యారు గానీ నోటికి రిటైర్మెంట్ లేదు.

గురువారం పరీక్ష పేపర్లు దిద్ది దిద్ది మెడ పట్టేసింది. పైగా ఈ తగువు చదివేసరికి ఒళ్లు మండిపోయింది.

"ఈ బృందం మూసేస్తానండీ. ఇంతమంది పండితులుండీ ఆ పిల్లకి ఒక్క ముక్క చెప్పే దిక్కు లేదు."

"మూసెయ్, పీడా పోతుంది. నువ్వు కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్లయిందీ?" అన్నారు మా ఆయన.

వీడ్కోలు మెయిల్ రాశాను. నాదైనా సరే, వరుసలో ఆగి నా అనుమతితోనే వెళ్లాలి. దాన్ని వదలడానికి చెయ్యి రాక పడుకున్నాను.

శుక్రవారం సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి వరుస తెరిస్తే, నా వీడ్కోలు కిందే, పొద్దున వచ్చిన ఆ అమ్మాయి మెయిల్.

"మన నియమం ప్రకారం జవాబులన్నీ నేరుగా నాకే వచ్చాయి. సారాంశం కింద ఇస్తున్నాను."

నియమం! నా మతిమరుపు మండిపోనూ! జవాబులు అడిగినవారికే పంపండి, అందరి నెత్తినా రుద్దకండి అని ఒకప్పుడు విసుగెత్తి నేనే పెట్టాను. అప్పటినుంచీ నా కంటపడేవి ప్రశ్నలూ తగువులే.

చాలామందే రాశారు. మిరపకాయ మాస్టారైతే తన దగ్గరున్న పురుగుల్ని మైక్రోస్కోప్ కింద పెట్టి, పోల్చి చూడ్డానికి వాటి కాళ్ల ఫొటోలు తీసి పంపారట. పరీక్షకుడితో ఫోన్లో పోట్లాడారట కూడా. పేరు సరైనదేనని తేలింది. థీసిస్ ఒప్పుకున్నారు.

ఏడుపొచ్చేసింది. నా వీడ్కోలు చెరిపేసి, ఆమె మెయిల్ వదిలాను.

నిమిషంలో మాస్టారి మెయిల్ ఊడిపడింది. "ఇంత మంచి వార్త పొద్దున్నించీ ఆపుకుని కూర్చున్నారా? చేతకాకపోతే చెప్పండి, ఇంకొకరికి అప్పజెబుదాం."

"మూసేశావా?" వంటింట్లోంచి మా ఆయన అడిగారు.

"లేదండీ, తిట్లు తింటున్నా," అని, ఆ మెయిల్‌ని కూడా అందరికీ వదిలాను.