మూడు గొంతులు

అక్క పోయినప్పటి నుంచి చెల్లెలికి ఏడుపు రాలేదు. గుండె రాయి చేసుకుందన్నారు చుట్టాలు. అంత శ్రమ ఆమె పడలేదు, దానంతటదే అయింది. సెలవు అయిపోగానే ఆఫీసుకు వచ్చి కుర్చీలో కూర్చుంది. చెప్పిన పని చేసుకుపోతోంది.

బెంగల్లా అక్క కూతురి గురించే. పిన్ని ఫోన్ చేసి "ఏమే బంగారం" అనడం ఆలస్యం, ఆ పిల్ల ఫోన్ కింద పడేసి పారిపోతోంది. అదీ దూరమైతే అక్క తాలూకు ఇంకేం మిగలదు. అన్నిటికీ మొద్దుబారిన మనిషికి ఆ ఒక్క భయం మాత్రం పోలేదు.

"మీ అక్క ఫోన్‌లో వాయిస్ మెసేజీలు బోలెడున్నాయి. మన ముగ్గురివీ కలగాపులగం. తన గొంతున్నవి ఏరి పెట్టవూ, పాపకి వినిపిద్దాం. నీ పని అదేగా," అన్నాడు బావ.

అదే ఆమె పని. కస్టమర్ల కాల్స్‌ను గొంతును బట్టి గుంపులు చేసే కోడ్ రాస్తుంది. బ్రహ్మవిద్యేం కాదు. మొదట ప్రతి మాటముక్కా విడిగా ఒక గుంపే. బాగా దగ్గరగా ఉన్న రెంటినీ కోడ్ జత చేస్తుంది, తర్వాత జతలనూ జతలనూ కలుపుతుంది. అలా పోగా పోగా చివరికి అన్నీ ఒకే చెట్టు కొమ్మలవుతాయి. ఎన్ని గుంపులు కావాలో చెబితే అక్కడికి చెట్టును కోసి ఇస్తుంది.

మనుషులు ముగ్గురు కదా అని మూడు అడిగింది. మూడే ఇచ్చింది.

మొదటిది బావ. రెండోది వింది. "పాలు పొంగుతున్నాయి, పెట్టేస్తున్నా." అది అక్క. "బస్సెక్కాను." అది తను. మూడో గుంపులోనూ అక్కే, ఆసుపత్రి మంచం మీంచి, "బానే ఉన్నానే" అంటోంది.

ఎక్కడో తప్పు చేశాననుకుని గొంతుల దగ్గరితనాన్ని చూసే కొలత మార్చి మళ్ళీ నడిపింది. ఉహూ. బాగున్నప్పటి అక్క గొంతు జబ్బుపడ్డ అక్క గొంతుకు కాదు, చెల్లెలి గొంతుకే దగ్గర. కోడ్‌కు మొహమాటమెక్కడిది!

చిన్నప్పుడు ఫోన్లో నాన్న కూడా "పెద్దదానివా, చిన్నదానివా?" అని అడిగేవాడు. అది గుర్తొచ్చాక తట్టిందామెకు. "ఏమే బంగారం" అన్నది అక్క మాట. బడి నుంచి వచ్చిన పిల్లను రోజూ అలాగే పిలిచేది. ఇన్నాళ్ళూ ఆ మాటను ఆ గొంతుతోనే పిల్ల చెవిలో వేసింది తను. తన తెలివి తెల్లారినట్టే ఉందనుకుంది.

సాయంత్రం ఆఫీసు మెట్ల మీదే నిలబడి ఫోన్ చేసింది.

"పాపకివ్వు బావా."

"మళ్ళీ పడేస్తుందేమో."

"ఫర్లేదు, ఇవ్వు."

అటు నుంచి చిన్న ఊపిరి వినిపించింది.

"నేను పిన్నిని," అందామె ముందుగానే.

"తెలుసు," అంది పాప. "కళ్ళు మూసుకున్నా. మాట్లాడు," అంది.

ఆమె పొద్దున బస్సు తప్పిపోవడం దగ్గర మొదలుపెట్టింది. పాప ఊఁ కొడుతోంది. అక్క పోయాక మొదటిసారి ఏడుపు గొంతుదాకా వచ్చింది. మింగేసింది. గొంతు మారకూడదు.