పాతదాంట్లో దిద్దిన తేదీ

ఆశిష్ పుట్టింది ఆగస్టులో. బళ్ళో వేసేటప్పుడు అయిదేళ్ళు నిండలేదంటారని వాళ్ళమ్మ చంద్రకళ మే నెల మూడో తారీఖు రాయించింది. ఆ తారీఖే పదో తరగతి సర్టిఫికెట్లోకీ, అక్కణ్ణుంచి పాస్‌పోర్టులోకీ ఎక్కి, వాడితోపాటు ఐర్లాండుకి వచ్చేసింది. ఇప్పుడు వాడి పౌరసత్వం దరఖాస్తు నడిచేదీ దాని మీదే. ఏడు నెలలైనా జవాబు లేదు. బ్లాంచర్డ్స్‌టౌన్‌లో వాళ్ళుండే ఫ్లాటుకి ఏ కవరొచ్చినా ఆవిడ దేవుడి ముందు పెట్టి దణ్ణం పెట్టాకే వాడి చేతికిచ్చేది.

సరిగ్గా ఇప్పుడే వాడు జాతకాల పని నెత్తికెత్తుకున్నాడు. డండాక్‌లో ఉండే కామేశ్వరరావుగారు ఇక్కడి తెలుగువాళ్ళకి ముహూర్తాలు పెట్టే పెద్దాయన. ఆయన దగ్గర ఇరవై ఏళ్ళనాటి జాతకాల ప్రోగ్రాం ఉంది. అది ఆడే కంప్యూటరేమో ఇవాళో రేపో అన్నట్టుంది. ఫోన్లోనే చూసుకునేట్టు చేసిపెట్టు నాయనా అన్నాడాయన. ఆశిష్ ఆ ప్రోగ్రాంని తన లాప్‌టాప్‌లోకి తెచ్చుకుని వెబ్‌లోకి మారుస్తున్నాడు. ఆదివారం అప్పగించాలి.

"వెబ్ అంటే అందరికీ కనబడేదే కదరా?"

"పాస్‌వర్డ్ ఉంటుందమ్మా."

"తాళం ఉన్న కొంపల్లోనే దొంగలు పడేది. ఇంతకీ ఎవరి జాతకం పెట్టి చూస్తున్నావు?"

"నాదే. ఊళ్ళోవాళ్ళవి నాకెందుకు? పాతదాంట్లో ఉన్నదే కొత్తదాంట్లోకి వస్తుంది. రెండిట్లోనూ ఒకే నక్షత్రం చూపిస్తే పనైపోయినట్టే."

చంద్రకళకి అప్పుడు తట్టింది. జాతకంలో ఉండేది అసలు తేదీ! దరఖాస్తులో మే, నెట్‌లో ఆగస్టు చూస్తే ఆఫీసువాళ్ళు ఊరుకుంటారా? గార్డులొచ్చి తలుపు కొట్టరూ? ఇక్కడి పోలీసులు నవ్వుతూనే వస్తారట, అదింకా భయం. వాడితో అంటే తేలిగ్గా తీసిపారేస్తాడు.

శుక్రవారం వాడు శాండీఫోర్డ్‌లో ఆఫీసుకి వెళ్ళగానే ఆవిడ లాప్‌టాప్ తెరిచింది. పాస్‌వర్డ్ ఆవిడ పేరే. పాత ప్రోగ్రాం ఆవిడకి కొత్తేం కాదు, డండాక్ వెళ్ళినప్పుడల్లా కామేశ్వరరావుగారి పక్కన కూర్చుని చూసిందే. కొడుకు పేరు నొక్కి, ఆగస్టు తీసేసి మే మూడు పెట్టింది. ఇక కొత్తదాంట్లోకీ అదే వస్తుందనుకుంది. ఆగస్టు తేదీ బుధవారమే అక్కడికి చేరిపోయిందని ఆవిడకేం తెలుసు?

శనివారం పొద్దున ఆశిష్ రెండూ పక్కపక్కన పెట్టి, తేదీ ఒకటేనన్న ధీమాతో నక్షత్రాలు మాత్రం చూశాడు. పాతదాంట్లో మఖ, కొత్తదాంట్లో ఉత్తరాభాద్ర. గుళ్ళో గోత్రం, నక్షత్రం ఎప్పుడూ అమ్మే చెప్పేది గనక ఏది తనదో వాడికి తెలియదు. ఇరవై ఏళ్ళుగా నడిచినది తప్పెలా చెబుతుందని కొత్తదాన్నే తవ్వడం మొదలెట్టాడు. మధ్యాహ్నం వడ్డించిన అన్నం పళ్ళెంలోనే చల్లారిపోయింది.

"ఏమైందిరా?"

"చంద్రుడి లెక్క ఎక్కడో తప్పిందమ్మా, దొరకట్లేదు. పాతదానికి సరిపోయేట్టు తిప్పేస్తా ఇంక."

"తిప్పేస్తే?"

"ఏముంది, అందరికీ అలాగే వస్తుంది."

అందరికీ! ఇక్కడి పిల్లల్లో సగం మందికి పేర్లు కామేశ్వరరావుగారు చెప్పిన అక్షరంతో పెట్టినవే. రేపటి నుంచి తప్పు నక్షత్రాలతో బారసాలలు, తప్పు ముహూర్తాల్లో పెళ్ళిళ్ళు. ఆ ఉసురు తగిలేదెవరికి? తిరిగి తిరిగి వీడికే.

"నీది ఉత్తరాభాద్రే" అంది చంద్రకళ. "పాతదాంట్లో తేదీ నేనే మార్చాను."

ఆశిష్ కుర్చీ తిప్పి చూశాడు. "నువ్వా? ఎందుకూ?"

"మే అని రాయించింది నేనే కదరా. బయటపడితే బలయ్యేది నువ్వు."

వాడికి నవ్వొచ్చింది. కానీ ఆవిడ కొంగుని నలుపుతుండడం చూసి ఆగిపోయాడు. "అమ్మా, ఇదింకా ఈ లాప్‌టాప్ దాటలేదే."

"ఇవాళ దాటలేదు. రేపో?"

వాడు పొద్దుట్నుంచి దిద్దినవన్నీ వెనక్కి తిప్పి, తన పేరు రెండుచోట్లా చెరిపేశాడు. "సరే, పోయాను. మరి ఎవరిది పెట్టి చూడను?"

"నాది పెట్టు. నాకెవడిస్తాడు పౌరసత్వం?"

ఆవిడ చెబుతుంటే వాడు తేదీ, వేళ కొట్టాడు. ఎడమవైపు స్వాతి. కుడివైపు స్వాతి.

"గ్రాండ్!" అన్నాడు ఆశిష్.

చంద్రకళ రెండు స్వాతుల్నీ తేరిపార చూసింది. తర్వాత లేచి వెళ్ళి కిటికీ కర్టెన్లు దగ్గరికి లాగింది. ఎదుటి ఫ్లాటు బాల్కనీలో ఎవరో ఫోన్ పట్టుకుని ఇటే చూస్తున్నట్టున్నారు.